మగ ఉపాధ్యాయుడు ఈ పాఠం చెప్పవచ్చా?

ప్రశ్న: నేను ప్రకాశం జిల్లాలో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం స్కూల్ అసిస్టెంట్‌గా పనిచేస్తున్నాను. మా పదో తరగతిలో ఆడపిల్లలు, మగపిల్లలు కలిసే ఉంటారు. నిరుడు ప్రత్యుత్పత్తి పాఠంలో మానవ ప్రత్యుత్పత్తి వ్యవస్థ దగ్గరికి వచ్చేసరికి వెనక బెంచీల్లో నవ్వులు, ముందు వరుసల్లో దించిన తలలు తప్ప పాఠం వినేవారే కనిపించలేదు. అయినా గర్భనిరోధక పద్ధతుల వరకు పూర్తిచేశాను. మర్నాడు ఒక తండ్రి వచ్చి, “మా అమ్మాయికి మగ సారు ఇవన్నీ చెప్పడమేమిటి” అని హెచ్‌ఎం గారిని నిలదీశారు. ఈ ఏడాది ఆ భాగాన్ని గణితం మేడమ్ గారి చేత ఆడపిల్లలకు మాత్రం చెప్పించి, మగపిల్లలను ఇంటి దగ్గర చదువుకొమ్మందామని హెచ్‌ఎం గారు అంటున్నారు. గొడవ ఉండదని నాకూ అనిపిస్తోంది గాని మనసు ఒప్పుకోవడం లేదు. పుస్తకంలో లేనివి పిల్లలు అడిగితే ఎంతవరకు చెప్పాలి? ఎవరైనా తమకు జరిగిన చెడు గురించి చెప్పుకుంటే నేనేం చేయాలి?
– ఒక ఉపాధ్యాయుడు

సమాధానం: మీ హెచ్‌ఎం గారి ఏర్పాటు మంచి ఉద్దేశంతో చేసినదే అయినా, దానికి ఒప్పుకోవద్దనే నేను చెబుతాను. ఆ పాఠం మీరే చెప్పండి, తరగతి మొత్తానికి కలిపే చెప్పండి. అది పూర్తయ్యాక ప్రశ్నల కోసం ఒక పీరియడ్‌ను మాత్రం ఆడపిల్లలకు, మగపిల్లలకు విడివిడిగా పెట్టుకోవచ్చు. అప్పుడు ఆడపిల్లల దగ్గర గణితం మేడమ్ గారు కూర్చుంటే చాలా మంచిది. జీవశాస్త్రం చదివినవారు బడిలో ఉండగా ఆ నాలుగు పేజీలను ఇంకొకరికి అప్పగిస్తే, ఇది జీవశాస్త్రం కాదు, ఆడవాళ్ళ వ్యవహారం అని పిల్లలకు మనమే చెప్పినట్టవుతుంది.

ఈ ఏర్పాటు వల్ల ఎక్కువగా నష్టపోయేది ఎవరో ఆలోచించండి. ఆడపిల్లలకు అరకొరగానైనా ఎవరో ఒకరు చెబుతారు. ఇంట్లో అమ్మో అమ్మమ్మో ఉంటుంది, బడికి ఏఎన్‌ఎం వస్తుంది. 2021 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లో స్వేచ్ఛ పథకం మొదలుపెట్టినప్పుడు, ప్రభుత్వ విద్యాసంస్థల్లో ఏడో తరగతి నుంచి ఇంటర్ వరకు చదివే ఆడపిల్లలకు నెలకు 10 న్యాప్‌కిన్లు ఇవ్వడంతోపాటు ఋతుస్రావ పరిశుభ్రత గురించి వారికి చెప్పాలని కూడా అనుకున్నారు. ఇటువంటి మాటలు చెప్పే గంటలో మన బడుల్లో మగపిల్లలను మైదానంలోకి పంపేయడం ఆనవాయితీ. తలుపు వేసిన గదిలో ఏదో చెబుతున్నారని, అది తాము వినకూడనిదని మాత్రమే వారికి అర్థమవుతుంది. మర్నాడు ఒక అమ్మాయి యూనిఫామ్ మీద మరక కనిపిస్తే వెకిలిగా నవ్వడానికి ఆ మాత్రం తెలివిడి చాలు. అదే వయసులో ఆ మగపిల్లవాడి గొంతు బొంగురుపోతుంది, మూతిమీద నూగు మీసం వస్తుంది, ఒక తెల్లవారుజామున లేచేసరికి పక్క తడిసి ఉంటుంది. తండ్రి దాని గురించి మాట్లాడడు. తల్లి చూసీ చూడనట్టు దుప్పటి ఉతికి ఆరేస్తుంది. ఘనంగా పంచెకట్టు వేడుక చేసిన ఇళ్ళలోనూ ఇదే వరస.

ఆ పిల్లవాడికి చెప్పేవారు బయట సిద్ధంగానే ఉన్నారు. బస్టాండు గోడల మీద, రైలు పట్టాల పక్కనున్న ప్రహరీల మీద “నరాల బలహీనత”, “గుప్త రోగాలు” అని పెద్ద అక్షరాలతో రాయించే మందుల వ్యాపారం బతుకుతున్నది పదిహేనేళ్ళవాడి భయం మీదే. నలభై చుక్కల రక్తం కలిస్తే ఒక చుక్క వీర్యమవుతుందన్న మాటను హాస్టల్ గదుల్లో పెద్ద తరగతులవారు చిన్న తరగతులవారికి ఇప్పటికీ చెబుతూనే ఉన్నారు. వీర్యం పోయి నీరసించిపోతున్నామన్న ఈ దిగులుకు మన దేశపు మానసిక వైద్యులు 1960లోనే ధాత్ సిండ్రోమ్ అని పేరు పెట్టారు. విజయవాడ డాక్టర్ జి. సమరం గారు తెలుగు పత్రికల్లో ఏళ్ళ తరబడి ఓపికగా జవాబులు రాసిన సందేహాల్లోనూ ఇది తరచుగా కనిపించేది. పత్రిక పోయి ఫోను చేతికి వచ్చాక ఇప్పుడు జవాబు చెబుతున్నది అశ్లీల వీడియో. శరీరం గురించి అది చెప్పేది అబద్ధం, ఆడవారితో ఎలా మెలగాలో చెప్పేది అంతకన్నా పెద్ద అబద్ధం. మగవారు కావడం మీకు అడ్డంకి అని ఆ తండ్రి అన్నారు గాని, ఈ పిల్లలకు ఆ సంగతి నిదానంగా చెప్పగల మగమనిషి ఊళ్ళో బహుశా మీరొక్కరే.

మన ఉన్నత పాఠశాలల్లో ఈ పాఠం ఎలా నడుస్తుందో మీకు తెలియనిది కాదు. అమీబా ద్విధావిచ్ఛిత్తి అవుతుంది, హైడ్రా కోరకీభవనం అవుతుంది, రణపాల ఆకు అంచున మొలిచిన పిల్ల మొక్కలను పిల్లలే ఇంటి నుంచి తెస్తారు. మందార పువ్వును నిలువుగా కోసి కేసరాలు, కీలాగ్రం, అండాశయం చూపించి, పబ్లిక్ పరీక్షలో రావచ్చునని పుష్పం నిలువుకోత పటాన్ని నోటుబుక్కులో రెండుసార్లు వేయిస్తాం. పరాగరేణువు నుంచి నాళం బయలుదేరి అండాన్ని చేరే దాకా ఒక్క అడుగు కూడా వదలకుండా చెబుతాం. మనిషి దగ్గరికి రాగానే “ఇది సులభమే, ఇంటి దగ్గర చదువుకోండి” అని పేజీలు తిప్పేస్తాం. ఆ పేజీల్లో ఏముందో చూడండి. 2024-25 నుంచి మన రాష్ట్రంలో పదో తరగతికి వాడుతున్న ఎన్‌సీఈఆర్‌టీ పాఠంలో, లైంగిక పరిపక్వత క్రమక్రమంగా వస్తుందని, శరీరం ఇంకా ఎదుగుతూ ఉండగానే అది జరుగుతుందని, కాబట్టి కొన్ని మార్పులు కనిపించినంత మాత్రాన లైంగిక చర్యకు గాని, పిల్లలను కని పెంచడానికి గాని శరీరమూ మనసూ సిద్ధమైనట్టు కాదని స్పష్టంగా ఉంది. గనేరియా, సిఫిలిస్, ఎయిడ్స్ ఎలా సోకుతాయో, నిరోధ్, మాత్రలు, కాపర్-టి ఏం చేస్తాయో, గర్భంలో ఉన్నది ఆడో మగో తెలుసుకోవడం ఎందుకు నేరమో కూడా అక్కడే ఉంది. తొందరపడవద్దని తన కూతురికి ఎవరైనా చెబితే బాగుండునని ఆ తండ్రి తప్పక కోరుకుంటారు. ఆ మాట పుస్తకంలో ఉంది. బడిలో దాన్ని దాటేస్తున్నది మనమే.

అయితే హెచ్‌ఎం గారి జంకు ఊరికే పుట్టినది కాదు. 2005లో కేంద్ర ప్రభుత్వం ప్రధానంగా ఎయిడ్స్ నివారణను దృష్టిలో పెట్టుకొని కౌమార విద్యా కార్యక్రమాన్ని తెచ్చింది. ఉపాధ్యాయుల కోసం తయారుచేసిన బొమ్మలు, కృత్యాలు అశ్లీలంగా ఉన్నాయని గగ్గోలు పుట్టి, 2007లో మహారాష్ట్ర, కర్ణాటక, మధ్యప్రదేశ్, గుజరాత్ తదితర రాష్ట్రాలు దాన్ని పక్కన పెట్టేశాయి. తర్వాత నెల్లూరు జిల్లాకు చెందిన ఎం. వెంకయ్యనాయుడు గారి అధ్యక్షతన రాజ్యసభ పిటిషన్ల కమిటీ విచారణ జరిపి, బడుల్లో లైంగిక విద్య వద్దని, ఆ సంగతులను ఇంటర్ స్థాయి జీవశాస్త్రంలో చెబితే చాలని 2009లో నివేదిక ఇచ్చింది. అప్పటి నుంచి ఆ పేరు పలకడానికే అధికారులు వెనకాడి, జీవన నైపుణ్యాలని, కౌమార విద్య అని, ఆరోగ్యం-సంక్షేమం అని రకరకాల పేర్లతో నడుపుతున్నారు. పేరు ఏదైనా నాకు అభ్యంతరం లేదు. 2020లో ఆయుష్మాన్ భారత్ కింద వచ్చిన పాఠశాల ఆరోగ్య, సంక్షేమ కార్యక్రమం ప్రకారం ప్రతి బడిలో ఇద్దరు ఉపాధ్యాయులు, వీలైతే ఒకరు పురుషుడు, ఒకరు స్త్రీ, శిక్షణ పొంది ఆరో తరగతి నుంచి పన్నెండో తరగతి వరకు వారానికి ఒక గంట 11 అంశాలు చెప్పాలి. పునరుత్పత్తి ఆరోగ్యం, హెచ్‌ఐవీ నివారణ ఆ 11లో ఒకటి, ఇంటర్నెట్‌ను భద్రంగా వాడుకోవడం మరొకటి. మీ బడిలో ఆ ఇద్దరెవరో హెచ్‌ఎం గారిని అడగండి. రిజిస్టరులో పేర్లు ఉంటాయి, ఆ పేర్లు తమవేనని వారికే గుర్తులేకపోవచ్చు.

న్యాయస్థానాల వైఖరి కూడా ఇప్పుడు మీ వైపే ఉంది. లైంగిక నేరాల నుంచి పిల్లలను కాపాడే పోక్సో చట్టం 2012లో వచ్చింది. దాని కింద 2020లో చేసిన నియమాలలో మూడోది, వ్యక్తిగత భద్రత గురించి పిల్లల వయసుకు తగిన బోధన సామగ్రిని, పాఠ్య ప్రణాళికను ప్రభుత్వాలు తయారు చేయాలంటుంది. లైంగిక విద్య వల్ల పిల్లలు చెడిపోతారన్నది అపోహ అని, సమగ్రమైన లైంగిక విద్య అవసరమని 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఒక తీర్పులో చెప్పింది. తొమ్మిదో తరగతి దాకా ఆగకుండా ఇంకా చిన్న వయసు నుంచే మొదలుపెట్టాలని 2025 అక్టోబరులో మరో కేసులో అభిప్రాయపడింది. చెబితే పిల్లలకు లేనిపోని ఆలోచనలు వస్తాయన్న వాదనకు, వివిధ దేశాల పరిశోధనలను పరిశీలించి యునెస్కో 2018లో వెలువరించిన మార్గదర్శకాలు జవాబు చెబుతాయి: సరిగా చెప్పిన చోట పిల్లలు తొందరపడటం పెరగలేదు, పైగా కొన్నిచోట్ల తొలి లైంగిక అనుభవం ఆలస్యమైంది. మనకు ఇంకా దగ్గరి లెక్క కావాలంటే, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20 నుంచి 24 ఏళ్ళ స్త్రీలలో 29.3 శాతం మందికి 18 నిండకుండానే పెళ్ళయింది. 15 నుంచి 19 ఏళ్ళ ఆడపిల్లల్లో 12.6 శాతం మంది సర్వే నాటికే తల్లులో గర్భవతులో అయ్యారు. తెలంగాణలో ఇవి 23.5 శాతం, 5.8 శాతం. పదో తరగతి పిల్లలకు ఇదంతా ఇంకా ఎందుకని అడిగేవారికి ఈ అంకెలు చూపించండి. వీరిలో కొందరికి మీ బడిలో కూర్చున్నదే ఆఖరి తరగతి కావచ్చు.

ఇక ఆ తండ్రి సంగతి. ఆయన కోపంలో కొంత న్యాయం ఉంది: చెప్పినందుకు కాకపోయినా, ముందుగా తనకు తెలియజేయనందుకు. ఇంట్లో ఆడపిల్ల పెద్దమనిషి అయితే మైకుసెట్టు కట్టి, ఊరందరికీ భోజనాలు పెట్టి, సెంటర్లో ఫ్లెక్సీ వేయించే మనుషులే ఆ పిల్ల శరీరంలో జరిగినదేమిటో బడిలో చెబితే ఉలిక్కిపడటం వింతగా కనిపిస్తుంది గాని, వేడుక వారి చేతిలో ఉంటుంది, పాఠం వారి చేతిలో ఉండదు. వారిని కంగారు పెట్టేది అదే. కాబట్టి పాఠం మొదలుపెట్టడానికి ఓ వారం ముందు తల్లిదండ్రుల సమావేశంలో, లేదా విద్యా కమిటీ సమావేశంలో, పాఠ్యపుస్తకాన్నే తెరిచి చూపించండి. ఇది ప్రభుత్వం ఇచ్చిన పుస్తకమని, పబ్లిక్ పరీక్షకు వచ్చే పాఠమని, మగపిల్లలకు ఆడపిల్లల పట్ల మర్యాద నేర్పడం కూడా ఇందులో భాగమని చెప్పండి. పిల్లల ఫోన్లలో ఏమేం వస్తున్నాయో మీకు తెలుసా అని నెమ్మదిగా అడిగి ఊరుకోండి. తరచూ మీకు మద్దతుగా మొదట నోరు విప్పేది తల్లులే. తమకు ఎవరూ చెప్పక పడిన భయం వారికి గుర్తుంటుంది. నిరుడు వచ్చిన తండ్రి ఈసారీ వస్తే ఆయనను కూర్చోబెట్టి ఆ పేజీలు చదివించండి. వాదనకు దిగవద్దు. పాఠం చెప్పే రోజు వచ్చి వెనక కూర్చోమని పిలవడం మాత్రం సరికాదు; పిల్లలు నోరు విప్పరు.

తరగతిలో మొదటి రోజు చాలావరకు మీ గొంతు మీదే ఆధారపడి ఉంటుంది. వృషణాలు, శిశ్నం, యోని, గర్భాశయం, అండాశయం అనే పేర్లను మూత్రపిండం, కాలేయం రాసినంత మామూలుగా బోర్డు మీద రాసి, మీరు పైకి చదివి, తరగతి చేత చదివించండి. తొలి నవ్వుకు కోప్పడవద్దు. అందరి ముందు ఎప్పుడూ వినని మాట వింటే నవ్వు వస్తుందని మీరే అనేసి కొనసాగిస్తే, పాఠం ముందుకు సాగేకొద్దీ అది తగ్గుతుంది. ఆ నవ్వు ఫలానా అమ్మాయి మీదికో, మీసం రాని ఫలానా అబ్బాయి మీదికో మళ్ళితే మాత్రం అక్కడికక్కడే గట్టిగా ఆపండి. ఈ ఒక్క పాఠానికి ఎవరినీ పేరుపెట్టి లేపి నోటి ప్రశ్నలు వేయవద్దు, ఎవరి చేతా బోర్డు మీద బొమ్మ వేయించవద్దు. పటాలు, భాగాల పేర్లు అన్నీ రాతపనిగానే ఇవ్వండి. ఋతుచక్రం గురించి చెప్పేటప్పుడు అది అందరికీ లెక్కగా 28 రోజులే ఉండదని, ఈ వయసులో 21 నుంచి 45 రోజుల దాకా ఉండవచ్చని, మొదటి ఒకటి రెండేళ్ళు క్రమం తప్పడం సాధారణమేనని, 15 ఏళ్ళు నిండినా మొదలుకాకపోతే డాక్టరుకు చూపించాలని చెప్పండి. మగపిల్లలు దీన్ని వినాలి. అలాగే మగపిల్లల్లో వచ్చే మార్పుల గురించి ఆడపిల్లలు వినాలి.

ప్రశ్నలకు చాక్‌పీసుల డబ్బా చాలు. అందరికీ ఒకే కొలత కాగితం ముక్కలు ఇచ్చి, పేరు లేకుండా ప్రశ్న రాసి, నాలుగు మడతలు పెట్టి డబ్బాలో వేయమనండి. అడగడానికి ఏమీ లేనివారు ఒక ఎక్కమో, పద్యపాదమో రాసి వేయాలి. లేకపోతే పెన్ను కదిపినదెవరో పక్కవారికి తెలిసిపోతుంది. డబ్బాను అప్పటికప్పుడు తెరవకుండా ఇంటికి తీసుకువెళ్ళి తీరిగ్గా చదవండి. కొన్నింటిలో బూతులు ఉంటాయి, పట్టించుకోకండి. రాసిన ముతక మాట వెనక నిజమైన సందేహం ఉంటే దాన్ని మంచి మాటల్లోకి మార్చి జవాబు చెబితే, ఆ విషయాన్ని ఎలా మాట్లాడాలో రాసినవాడికీ తెలుస్తుంది.

ఎంతవరకు చెప్పాలన్నదానికి నేను పాటించే కొలత ఇది: శరీరం, ఆరోగ్యం, భద్రత, చట్టం వీటికి సంబంధించిన ఏ ప్రశ్నకైనా సూటిగా జవాబు చెప్పాలి, చేసే పద్ధతులను వర్ణించమనే ప్రశ్నకు, మీ సొంత జీవితం గురించిన ప్రశ్నకు జవాబు అక్కర్లేదు, ఇది నేను తరగతిలో చెప్పేది కాదు అంటే సరిపోతుంది. నిద్రలో స్ఖలనం కావడం జబ్బా అని అడిగితే కాదనండి. యుక్తవయసులో సహజమని, కొందరికి తరచుగా, కొందరికి అరుదుగా అవుతుందని, అసలు కాకపోయినా లోపం కాదని చెప్పండి. హస్తప్రయోగం వల్ల నరాలు చచ్చుబడతాయా, పొడవు పెరగరా, పెళ్ళికి పనికిరారా అని తప్పకుండా అడుగుతారు. వీటిలో ఏదీ నిజం కాదని, వీర్యం రక్తం నుంచి తయారుకాదని, అందుకోసం మందులు కొనడం డబ్బు దండగ అని ఏ మొహమాటమూ లేకుండా చెప్పాలి. చెడ్డ అలవాటు, మానుకో అని తేల్చేస్తే ఆ పిల్లవాడు నేరుగా గోడమీది ఫోను నంబరుకే వెళతాడు. తన ఛాతీ ఆడపిల్లలాగా పెరుగుతోందని, చొక్కా విప్పాలంటే చచ్చిపోవాలనిపిస్తోందని ఒక చీటీ వస్తే దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ఎదిగే వయసు మగపిల్లల్లో చాలామందికి హార్మోన్ల హెచ్చుతగ్గుల వల్ల రొమ్ము కణజాలం కొంత పెరుగుతుంది, ఎక్కువమందిలో ఒకటి రెండేళ్ళలో దానంతటదే తగ్గిపోతుంది. ఈ ఒక్క వాక్యం తెలియక ఆటలకు, ఈతకు దూరమైపోయే పిల్లలు ఉన్నారు.

ముట్టయినప్పుడు గుడికి ఎందుకు వెళ్ళకూడదు, విడిగా ఎందుకు కూర్చోబెడతారు అనే చీటీలు ఆడపిల్లల నుంచి వస్తాయి. అది అపవిత్రం కాదని, గర్భాశయపు లోపలి పొర ఊడి రావడమని, ఆ రోజుల్లో బడి మానడానికి గాని, తిండి తగ్గించడానికి గాని శాస్త్రం ప్రకారం కారణం లేదని చెప్పండి. ఇంటి ఆచారాన్ని తరగతిలో వెక్కిరించవద్దు. ఆ పిల్ల సాయంత్రం ఆ ఇంటికే వెళ్ళాలి. నిరోధ్ గురించి అడిగితే గర్భాన్ని, సుఖవ్యాధులను రెండింటినీ అడ్డుకోగలిగేది అదేనని చెప్పండి. తీసుకువచ్చి చూపించాల్సిన అవసరం పదో తరగతిలో లేదని నా అభిప్రాయం. దీన్ని ఒప్పుకోనివారు ఉన్నారు, కానీ 2007 నాటి గగ్గోలు మొదలైంది బొమ్మలు, కృత్యాల దగ్గరేనని నేను మరిచిపోలేను.

మగపిల్లలతో విడిగా కూర్చున్న పీరియడ్‌లో చట్టం గురించి తప్పక మాట్లాడండి, ఎందుకంటే ఇది వారి బతుకులను నిజంగా తలకిందులు చేస్తోంది. 18 ఏళ్ళ లోపు వారి అంగీకారానికి పోక్సో చట్టంలో విలువ లేదు. ఇష్టపడే వచ్చిందని, పెళ్ళి చేసుకుందామనే తీసుకెళ్ళానని చెప్పినా కేసు ఆగదు. 2019 సవరణ తర్వాత అత్యాచార నేరానికి కనీస శిక్ష 10 ఏళ్ళు, బాధితురాలి వయసు 16 లోపైతే కనీసం 20 ఏళ్ళు. ఇంటర్ చదివే అన్నలు, ఆటో నడిపే అన్నలు ఈ కేసుల్లో ఎలా చిక్కుకుంటున్నారో పిల్లలకు మీకంటే ఎక్కువ తెలుసు, కాని కారణం తెలియదు. ఒక అమ్మాయి ఫోటోనో వీడియోనో గ్రూపులో పంపడం సరదా కాదు, నేరం. పిల్లల అశ్లీల దృశ్యాలను ఫోనులో దాచుకోవడం కూడా నేరమేనని నేను పైన చెప్పిన 2024 సెప్టెంబరు తీర్పే తేల్చింది. భయపెట్టడం కోసమే చెప్పినట్టు ఉండకూడదు. కాదు అన్నది కాదనే అర్థమని, వెంటపడితే ఒప్పుకుంటుందని తెర మీద చూసినది బయట పనికిరాదని కూడా అదే పూట చెప్పండి. ఈ చట్టం మగపిల్లలను కూడా కాపాడుతుందని, తమను ఎవరైనా పెద్దవారు తాకరాని చోట తాకితే చెప్పుకోవడం సిగ్గుపడే విషయం కాదని చాలామంది అబ్బాయిలు మొదటిసారి వినేది మీ నోటి నుంచే.

ఇలా చెప్పిన తర్వాత ఎవరో ఒకరు వచ్చి చెప్పుకునే అవకాశం ఉంది, అందుకు ముందే సిద్ధపడాలి. ఎవరికీ చెప్పనని మాట ఇవ్వవద్దు. నీకు హాని జరిగే విషయమైతే సాయం చేయగలవారికి నేను చెప్పాల్సి ఉంటుందని తరగతిలోనే ముందుగా ప్రకటించండి. బిడ్డ చెబుతుంటే మధ్యలో ఆపకుండా వినండి, వివరాలు గుచ్చిగుచ్చి అడగకండి, నీ తప్పు లేదని ఒక్క మాట చెప్పండి. తర్వాత ఆ బిడ్డ వాడిన మాటలనే తేదీ, సమయం వేసి రాసి పెట్టుకోండి. నిజమో అబద్ధమో తేల్చే పని మీది కాదు. పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకు తెలియజేసి తీరాలి. తెలియజేయకపోతే ఆరు నెలల దాకా జైలు పడవచ్చు, తన కింది ఉద్యోగి చేసిన నేరాన్ని దాచిపెట్టిన సంస్థ అధిపతికి ఏడాది దాకా పడవచ్చు. హెచ్‌ఎం గారికి చెప్పండి, కానీ రేపు చూద్దామని ఆయన అన్నంత మాత్రాన మీ బాధ్యత తీరదు. చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి ఫోను చేసినా తదుపరి ఏర్పాట్లు వారు చూస్తారు. నేరం చేసినది ఇంట్లో మనిషే అయి ఉండవచ్చు గనుక ముందుగా ఇంటికి కబురు పెట్టవద్దు. మంచి ఉద్దేశంతో సమాచారం ఇచ్చినవారిపై కేసులు ఉండవని అదే సెక్షన్ హామీ ఇస్తుంది. బిడ్డ వాంగ్మూలాన్ని ఇంటి దగ్గరో, తాను కోరిన చోటో, వీలైనంతవరకు మహిళా ఎస్సై యూనిఫామ్ లేకుండా తీసుకోవాలని, రాత్రిపూట స్టేషనులో ఉంచకూడదని చట్టంలో ఉంది. ఇది చెబితే పిల్లల భయం సగం తగ్గుతుంది. స్టాఫ్‌రూములో ఈ సంగతి ఎత్తవద్దు. సెలవుల్లో తనకు పెళ్ళి చేసేస్తున్నారని ఒక అమ్మాయి చెప్పుకున్నా దారి ఇదే: 1098, ఐసీడీఎస్ సూపర్‌వైజర్, సచివాలయంలోని మహిళా పోలీసు.

మీ జాగ్రత్త మీరూ చూసుకోవాలి. ఏ అమ్మాయితోనూ, ఆ మాటకొస్తే ఏ అబ్బాయితోనూ, తలుపు వేసిన గదిలో ఒంటరిగా మాట్లాడవద్దు; తలుపు తెరిచి ఉంచండి, మరీ అవసరమైతే మేడమ్ గారు కనిపించేంత దూరంలో ఉండాలి. ఈ విషయాలపై పిల్లలకు వాట్సాప్‌లో జవాబులు రాయవద్దు. పాఠ్య ప్రణాళికలో ఏ పీరియడ్‌లో ఏం చెబుతారో, విడి పీరియడ్‌లో ఎవరు ఎవరితో ఉంటారో రాసి, మొదలుపెట్టక ముందే హెచ్‌ఎం గారి సంతకం తీసుకోండి. అప్పుడు ఎవరైనా నిలదీస్తే ఆయన ఒంటరి కారు, మీరూ కారు. సంక్రాంతి తర్వాత ప్రత్యేక తరగతులు, స్లిప్ టెస్టుల హడావిడి మొదలైతే చాక్‌పీసుల డబ్బాకు తీరిక దొరకదు గనుక, ఈ పాఠాన్ని దసరా సెలవుల తర్వాత వచ్చే మొదటి వారాల్లోనే పెట్టుకోండి.